ఎలీషమ్మ నేసిన మొదటి గుడ్డ

శామీర్‌పేట రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఆడవాళ్ళకు చేనేత నేర్పే చిన్న కేంద్రం ఒకటి ఉంది. పొద్దున తాళం తీయగానే, లోపలికి వెళ్ళే ముందు అందరూ గుమ్మం పక్కనున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కోవాలి. నూలుకు చెమటా జిడ్డూ అంటకూడదు గనుక అది అక్కడి నియమం. ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ చేతులు తడుపుకుని, కొంగుకో చున్నీకో తుడుచుకుని లోపలికి పోతారు. ఒకామె మాత్రం అందరూ వెళ్ళేదాకా ఆగుతుంది. ఆ తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న సబ్బుబిళ్ళ తీసి మోచేతుల దాకా రుద్దుకుంటుంది. గోళ్ళ సందులు పుల్లతో గీరుకుంటుంది. కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంటుంది.

చూసినవాళ్ళు ఈమెకు శుభ్రం ఎక్కువ అనుకుంటారు. అయ్యలారా, అమ్మలారా, శుభ్రానికి అంత సబ్బు అక్కర్లేదు. అది భయం. రోజూ కళ్ళముందే జరుగుతుంది గనుక ఎవరికీ పట్టదు. ఆ భయాన్ని ఆమె చేతులకు ఎవరు అంటించారో చెప్పడానికే ఈ కథ. మనలో చాలామందికి ఇందులో వాటా ఉంది, కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

ఆమె పేరు ఎలీషమ్మ. ఉండేది జవహర్‌నగర్. గాలి అక్కడి చెత్తగుట్ట వైపు నుంచి తిరిగితే చుట్టుపక్కల కాలనీలన్నీ కిటికీలు మూసుకుంటాయని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ గుట్ట పక్కన ఒక షెడ్డులో ఎలీషమ్మ ఏళ్ళ తరబడి చిందీలు ఏరింది. ఊరు పారేసిన పాతబట్టల పీలికలు బస్తాల్లో వస్తే, నూలువి ఒక కుప్ప, నైలానువి ఒక కుప్ప వేయడం ఆమె పని. భర్త దానియేలు చెత్త ఆటో నడుపుతాడు. షెడ్డు మూతపడ్డాక, చర్చిలో ఎవరో చెప్పగా విని ఆమె ఈ కేంద్రానికి వచ్చింది.

మొదటిరోజు ఆమె మగ్గం ముందు నిలబడిపోయిన తీరు చూడవలసింది. నేర్పే మాస్టరు సిద్దిరాములు దుబ్బాక దిక్కు నేతపని ఇంట్లో పుట్టినవాడు, అరవై దాటినవాడు. ఆయన మగ్గం మీద కూర్చుని కాలి కింది చెక్కను తొక్కాడు. నిలువునా బిగించి ఉన్న పడుగు పోగుల్లో ఒకటి విడిచి ఒకటి పైకి లేచింది. మధ్యలో సందు తెరుచుకుంది. తాడు లాగాడు. నూలు కండెను మోసే నాడె ఆ సందులోంచి ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయి, వెనకాల ఒక్క పోగు వదిలింది. దువ్వెన పళ్ళలాంటి పన్నె వచ్చి ఆ పోగును టక్కున లోపలికి జరిపింది. ఇంకో చెక్క తొక్కాడు. పైనున్న పోగులు కిందికి, కిందివి పైకి వచ్చాయి. మళ్ళీ నాడె, మళ్ళీ టక్కు. చూస్తుండగానే అక్కడ, అంతకుముందు ఏమీ లేనిచోట, గుడ్డ ఉంది.

"గింతేనా సారూ?" అంది ఎలీషమ్మ.

"గింతే బిడ్డా. ఒకటి మీదికి, ఒకటి కిందికి. లోకంల ఉన్న గుడ్డంత గింతే" అన్నాడు సిద్దిరాములు.

ఇంతే అన్న ఆ మాటే ఆమెను పట్టుకుంది. ఎన్ని వేల పీలికలు తన చేతుల మీదుగా పోయాయి. చినిగినవి, కాలినవి, నానిపోయినవి. ప్రతి పీలికలోనూ పోగు కింద పోగు దూరి ఉందనీ, ఒకప్పుడు అది వట్టి దారమనీ ఏ రోజూ తట్టలేదు. ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఇంటికి పోతూ పక్కనున్న పెద్దమనిషి భుజం మీది తువ్వాలను ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది.

"ఏందమ్మా, గంత పరీక్షగ సూస్తున్నవ్? చినిగిందా?" అన్నాడాయన కంగారుపడి.

"లేదు పెద్దాయన. గిది ఎట్ల తయారైందో సూస్తున్న."

"తువ్వాల తీర్గనే తయారైంది" అన్నాడాయన, ఆటోలోవాళ్ళు నవ్వారు. ఎలీషమ్మా నవ్వింది గానీ కళ్ళు మాత్రం తువ్వాల మీదే ఉన్నాయి. ఇంటికి పోయాక దానియేలు చొక్కా, తలుపుకు వేలాడే పరదా, చివరికి పప్పు వడకట్టే గుడ్డ కూడా దీపం దగ్గరికి తెచ్చి చూసింది. మనిషికి ఇంత వయసు వచ్చాక లోకం మళ్ళీ కొత్తగా కనిపించడం అదృష్టం కాకపోతే ఏమిటి?

ఇక్కడ ఒక సంగతి జరిగింది. చిన్నదే. మొదటివారం సాధనకు మాస్టరు అందరికీ తెల్లనూలు ఇచ్చాడు, ఎలీషమ్మకు మాత్రం నల్లనూలు ఇచ్చాడు.

"నీకు గిదైతె మంచిగుంటది బిడ్డా. మరకైనా కనవడది" అన్నాడు ప్రేమగానే.

ఆయన మనసులో చెడు లేదు. అదే వచ్చిన చిక్కు. చెడు ఉంటే కనీసం కోపం తెచ్చుకోవచ్చు. ఎలీషమ్మ తల ఊపి నల్లనూలు తీసుకుంది. మర్నాటి నుంచే సబ్బుబిళ్ళ సంచిలో పెట్టుకుని రావడం మొదలుపెట్టింది.

వాళ్ళ చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. పొలాలున్న ఊళ్ళలో కొత్త పంటలో మొదటిది తెచ్చి దేవుడి ముందు పెడతారు, దాన్ని ప్రథమ ఫలం అంటారు. జవహర్‌నగర్‌లో పొలం ఎవరికుంది? అందుకని అక్కడ ఎవరి పనిలో మొదటిది వాళ్ళు తెస్తారు. కొత్తగా టిఫిన్ బండి పెట్టినామె మొదటి వాయి ఇడ్లీలు తెచ్చింది. కుట్టు నేర్చుకున్న పిల్ల తన మొదటి జాకెట్టు తెచ్చింది. చిందీలు ఏరే ఎలీషమ్మ ఏం తెస్తుంది? ఆ ఆదివారాలన్నీ వెనక వరుసలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేది. ఈ ఏడు మాత్రం ఉండబట్టలేక ముందే పాస్టరు ఎడ్వర్డు అయ్యగారి దగ్గరికి పోయి, "ప్రభు బల్ల మీదికి తెల్లగుడ్డ నేను నేసి తెస్తా అయ్యగారు" అని చెప్పేసింది. రొట్టె, ద్రాక్షారసం పెట్టి అందరికీ పంచే బల్ల అది. ఆయన ఊరుకుంటాడా, ఆ ఆదివారమే ప్రకటన చేశాడు.

ఆ పండుగ వారంతోనే కేంద్రంలో ఈ జట్టుకు నేర్పడం అయిపోతుంది. అప్పటికి ఒక గుడ్డ మొత్తం నేసి మగ్గం నుంచి కోసినవాళ్ళకే ఆ తర్వాత కేంద్రంలో మగ్గం, పని. కోయలేకపోయినవాళ్ళ మగ్గం కొత్తగా వచ్చేవాళ్ళకు పోతుంది. అంటే గుడ్డ పూర్తికాకపోతే ఎలీషమ్మకు అటు దేవుడికిచ్చిన మాటా పోతుంది, ఇటు మగ్గమూ పోతుంది. మళ్ళీ ఏ షెడ్డో వెతుక్కోవాలి.

ఆమె తెల్లనూలు అడిగినప్పుడు సిద్దిరాములు కాసేపు ఆలోచించాడు. "తెల్లది గదా, పైలం మరి" అని పడుగు ఎక్కించి ఇచ్చాడు.

ఇక మొదలైంది పాట్లు పడడం. నేత చూసినంత తేలిక కాదు. నాడె అడ్డంగా వదిలే పేక పోగును కాస్త బిగించి లాగితే గుడ్డ అంచులు లోపలికి ముడుచుకుపోతాయి. వదులు చేస్తే అంచున దారం ఉచ్చులా వేలాడుతుంది. పన్నెను ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా కొడితే గుడ్డలో సందుల చార కనిపిస్తుంది. కాలు ఒక చెక్క బదులు ఇంకో చెక్క తొక్కితే పోగులు దాటిపోతాయి. ఈ తప్పులన్నీ జట్టులో అందరూ చేశారు. ఎలీషమ్మ కూడా చేసింది. తేడా ఎక్కడంటే, మిగతావాళ్ళు నాలుక కరుచుకుని ముందుకు పోయేవారు, ఎలీషమ్మ ఆగి విప్పేది.

దేవుడికి పెట్టేది మచ్చలేనిదై ఉండాలని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. కుంటిదీ గుడ్డిదీ బలికి పనికిరావని ఆదివారం బడిలో నేర్పారు. కాబట్టి ఎక్కడ చిన్న సందు కనిపించినా, నాడెను వెనక్కి పంపుతూ, ఒక్కో పోగే తీసేస్తూ, ఆ సందు పడిన చోటిదాకా విప్పేసేది. పొద్దున జానెడు నేస్తే సాయంత్రానికి బెత్తెడు మిగిలేది. మర్నాడు ఆ బెత్తెడూ నచ్చేది కాదు.

పక్క మగ్గం మాధవీలతది. నాగారంలో అపార్ట్‌మెంట్, పిల్లలు పెద్ద చదువుల్లో ఉన్నారు, సరదాగా నేర్చుకుందామని కారులో వచ్చేది. మంచి మనిషి, నోరు ఆగదు. ఆమె గుడ్డలోనూ సందులున్నాయి, అంచులు వంకర్లున్నాయి.

"ఎలీషమ్మగారూ, చూడండి నా గుడ్డ. మా వీధిలో గుంతలకంటే దీంట్లోనే ఎక్కువున్నాయి" అని తనే నవ్వేది. ఫోనులో ఫోటో తీసి చుట్టాలందరికీ పంపేది.

ఎలీషమ్మ ఆ గుడ్డను చూసేది. తన గుడ్డను చూసుకునేది. రెంటిలోనూ సందు ఒకటే. మరి ఆమెకు నవ్వు ఎలా వస్తోందో ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

ఒకరోజు కేంద్రానికి సాయం చేసేవాళ్ళ తరఫున ఒక పెద్దావిడ చూడడానికి వచ్చింది. మాధవీలత మగ్గం దగ్గర ఆగి, సందుల చారను వేలితో తడిమి, "ఇదే కదండీ చేతిపని అందం, మిషనులో వస్తుందా ఇది?" అని మురిసిపోయింది. రెండడుగులు వేసి ఎలీషమ్మ మగ్గం దగ్గరికి వచ్చింది. అక్కడా అలాంటి చారే ఉంది. ఈమె ఎక్కడి నుంచి వస్తుందని అడిగి తెలుసుకుని, మెల్లగా సిద్దిరాములుతో అంది: "పాపం, ఆ పని చేసిన చేతులు కదా. సున్నితం ఎక్కడి నుంచి వస్తుంది? కొంచెం ఓపిక పట్టండి."

తిట్టలేదు. జాలిపడింది. జాలి కూడా ఒక్కోసారి చెంపదెబ్బే. మాధవీలత చేయి జారితే అది అందం. ఎలీషమ్మ చేయి జారితే అది ఎలీషమ్మ పుట్టి పెరిగిన చోటు. ఒకే దారం, ఒకే సందు, రెండు తీర్పులు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆవిడకు తన నోరు జారిందనే తెలియలేదు, ఇక తీసుకునేదేముంది?

ఆ సాయంత్రం ఎలీషమ్మ అప్పటిదాకా నేసినదంతా విప్పేసింది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడు పోగులు తెగడం మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు. నాడె విసిరినప్పుడల్లా ఎక్కడో ఒక పోగు టప్పుమని తెగుతోంది. దాన్ని అతికేలోపు ఇంకొకటి పోతోంది.

సిద్దిరాములు వచ్చి పడుగు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తెల్లటి నూగు చేతికి అంటుకుంది.

"బిడ్డా, పడుగుకు గంజి పట్టిస్తం గదా, అది దాని ఒంటి మీది అంగి. నువ్వు ఇప్పినప్పుడల్లా పన్నె రాపిడికి ఆ గంజి రాలిపోయింది. గీ ముందు భాగంల నూలుకు ఇగ ఓపిక లేదు. ఇంకొక్కపారి ఇప్పినవంటె మొత్తం పోతది."

"కొత్త పడుగు ఎక్కిస్తరా సారూ?"

"ఇగ టైమేది? పండుగ వచ్చే ఆదివారమేనాయె."

ఇంటికి పోయి ఎలీషమ్మ వంటగది గుమ్మంలో కూలబడింది. దానియేలు ఆటో కడిగి వచ్చి సంగతంతా విన్నాడు. ఆయనకు ఎంత బాధ వచ్చినా ముందు ఒక పరాచికం ఆడందే మాట రాదు.

"పనిమంతుడు పందిరేస్తె కుక్కతోక తాకి కూలిందట. గట్లున్నది నీ కథ."

ఆమె నవ్వలేదు. ఆయన పక్కన కూర్చున్నాడు.

"పరేషాన్ గాకే. ఒక మంచి సొరకాయ కొనుక్కపోయి పెడదం. దేవుడేమన్న కొట్లాడుతడా?"

"కొన్నది ప్రథమ ఫలమెట్లయితది?"

"మరి ఇప్పకు. ఎట్లున్నది గట్లనే నెయ్యి."

"ఇప్పకపోతె కనవడ్తది."

"ఏం కనవడ్తది?"

ఎలీషమ్మ చెప్పింది. "నేను కనవడ్త."

దానియేలుకు పరాచికం దొరకలేదు. ఆయన కూడా రోజూ ఇళ్ళ ముందు ఆటో ఆపి, చెత్తబుట్టను గేటు బయటి నుంచి అందుకునే మనిషే. ఆ మాట ఆయనకు అర్థమైంది.

మర్నాడు మగ్గం అప్పగించేసి వద్దామనే ఆమె బయలుదేరింది. వెళ్ళేసరికి సిద్దిరాములు తన మగ్గం మీద తువ్వాలు నేస్తున్నాడు, జట్టంతా చుట్టూ నిలబడి చూస్తోంది. కాళ్ళు, చేతులు, నాడె ఒకే తాళంలో నడుస్తున్నాయి. ఎంత చూసినా తనివి తీరని పని అది. ఎలీషమ్మ కూడా వచ్చిన సంగతి మరచి నిలబడిపోయింది. ఉన్నట్టుండి ఆయన ఆగాడు. కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"అరె, పోగు దాటింది. ఎప్పటి సంది దాటిందో ఏమో, జానెడు నేసిన" అని తనలో తనే నవ్వుకున్నాడు.

"మాస్టారూ, మీకు కూడా తప్పు పోతుందా?" అంది మాధవీలత.

"నడిచెటోని కాలే జారుతదమ్మా. కూసున్నోని కాలు జారుతదా? తువ్వాలనేనాయె, పోనీ తియ్యి. ఎవలన్న మొకం తుడుసుకుంట పోగులు సూస్తరా?" అని మళ్ళీ చెక్క తొక్కాడు. అందరూ నవ్వారు.

ఎలీషమ్మ నవ్వలేదు. అంత గొప్ప చేయి తప్పు చేసింది. చేసి, అందరి ముందూ చెప్పింది. చెప్పి, నవ్వి, ముందుకు పోయింది. మగ్గాన్ని మొదటిసారి చూసిననాడు కలిగిన ఆశ్చర్యం ఈ ఆశ్చర్యం ముందు చిన్నబోయింది. ఆమె గొంతులోంచి, తను అనుకోకుండానే, మాట వచ్చేసింది.

"సారూ, మీ తప్పుకు నడిచెటోని కాలు జారింది అన్నరు. గీ మేడమ్ తప్పుకు అందం అన్నరు. నా తప్పుకు ఏమంటరు?"

మగ్గం ఆగిపోయింది. ఆమే మళ్ళీ అంది.

"మీరు నాకు నల్లనూలు ఇచ్చిన్రు. మంచిగ అనే ఇచ్చిన్రు. గని గా దినం సంది నా చేతులు నాకే పరాయివైనయ్. ఎన్ని మాట్ల కడిగినా సాలుతలేదు. గుడ్డల ఒక్క సందు కనవడితె సాలు, అందరు నా మొకం సూస్తున్నట్టే అయితాంది. అందుకే ఇప్పుకుంట కూసున్న. ఇప్పి ఇప్పి నూలును సంపిన."

సిద్దిరాములు మగ్గం దిగి వచ్చాడు. ఎలీషమ్మ పడుగు మీద చెయ్యి ఆనించాడు.

"మా బాపు సంగతి చెప్త ఇను బిడ్డా" అన్నాడు. "నేను మొట్టమొదలు నేసింది ఒక పంచె. పోరన్ని, చెయ్యి కుదరలే. అంచులు పాము పాకినట్టున్నయ్, నడుమ చెయ్యి దూరెటంత సందులు. మా అవ్వ మూలకు పారెయ్యమన్నది. మా బాపు ఏం జేసిండో ఎర్కనా? గా పంచె కట్టుకోని బజారంత తిరిగిండు. మా పోరడు నేసిండు, మా పోరడు నేసిండు అని ఆగిన కాడల్లా చెప్పిండు. ఊరంత నా తప్పులు సూసింది. నాకు సిగ్గు గాలే బిడ్డా. నాకు పండుగైంది. గందుకే గీ దినం పోగు దాటినా నవ్వొస్తాంది."

ఆయన ఎలీషమ్మ వైపు తిరిగాడు.

"మా బాపు నా తప్పును ఊరంత సూపెట్టిండు. నేనేం జేసిన? నువ్వు తప్పు జెయ్యకముందే దాన్ని దాసిపెట్టు అని నల్లనూలు చేతికిచ్చిన. పని నేర్పుతున్న అనుకున్న గని, నీకు భయం నేర్పిన. గది నా తప్పే."

మాధవీలత తల వంచుకుంది. తను నవ్వగలగడం కూడా ఒక ఆస్తి అనీ, అది అందరికీ ఉండదనీ ఆమెకు ఆ నిమిషం దాకా తెలియదు.

"ఇగ ఇప్పకు" అన్నాడు సిద్దిరాములు. "తెగితె అతుకు. సందు వడితె వడనీ. ముందుకు నెయ్యి. గీ పాడైన జాగ దాటితె ఎనక మంచి గంజి పట్టిన పడుగున్నది."

ఆ వారమంతా ఎలీషమ్మ నేసింది. తెగిన పోగు తెగినచోటే ముడి పడింది. నూగు లేచినచోట గుడ్డ మసకబారింది. సందు పడితే చేయి వెనక్కి పోబోయేది. పక్క మగ్గం నుంచి మాధవీలత, "ముందుకు, ఎలీషమ్మగారూ, ముందుకు" అనేది. అలా పోగా పోగా పాడైన భాగం దాటింది. గంజి చెడని పడుగు చేతికి వచ్చింది. అప్పుడు ఒక వింత జరిగింది. చేయి ఎప్పుడు కుదిరిందో చేతికే తెలియలేదు. ఎంత బిగించాలో, ఎంత వదలాలో ఆలోచించకుండానే తెలుస్తోంది. అన్నిసార్లు విప్పినప్పుడు కూడా ఆ చేయి ఊరికే లేదు మరి, చెడిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంది.

శనివారం గుడ్డ కోసి నేల మీద పరిచారు. అందరూ చుట్టూ చేరారు. ఒక కొసన ముడులు, నూగు, సందులు, లోపలికి ముడుచుకున్న అంచులు. అక్కడి నుంచి చూపు జరిపితే ముడులు పలచబడ్డాయి, అంచులు నెమ్మదిగా తిన్ననయ్యాయి. రెండో కొస దగ్గర గుడ్డ పాలమీగడలా సాపుగా ఉంది. ఒక మనిషి పని నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఎవరైనా ఎప్పుడైనా కళ్ళతో చూశారా? ఆ రోజు ఆ రేకుల కప్పు కింద వాళ్ళు చూశారు. సిద్దిరాములు చెప్పులు విడిచి, ఆ గుడ్డ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముడులున్న కొసను అరచేతిలోకి తీసుకుని చూశాడు.

"గా చెడిన కొస కత్తిరించుకో రాదే, మంచిది మిగుల్తది" అన్నాడు దానియేలు ఆ సాయంత్రం, సాయం చేద్దామనే. ఎలీషమ్మ గుడ్డను మడిచి పక్కన పెట్టింది గానీ కత్తెర తీయలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. గుమ్మడికాయలు, బియ్యం సంచులు, ఎవరో కొత్తగా పెట్టిన కిరాణా కొట్టులోని మొదటి చక్కెర పొట్లం, అన్నీ ముందు వరుసగా పేర్చారు. ఎలీషమ్మ గుడ్డ పట్టుకుని నడిచి వచ్చింది. ఎడ్వర్డు అయ్యగారు అందుకుని బల్ల మీద పరచబోతూ ముడులున్న కొస చూశాడు. మంచి మనసున్నవాడు గనుక, ఎవరికీ వినబడకుండా అన్నాడు:

"అమ్మా, ఈ కొస గోడ వైపు వేస్తాను. మంచిగ వచ్చిన కొస జనానికి కనబడుతుంది."

ఎలీషమ్మ గొంతు తగ్గించలేదు.

"వద్దు అయ్యగారు. దేవునికి మచ్చలేనిది పెట్టాలె అని ఇన్ని దినాలు ఇప్పుకుంట కూసున్న. గని ఇప్పుడు సమజైంది. మచ్చ లేకుంట నేసిన అంటె అది నా మొదటిది గాదు. గది పదోదో ఇరవయ్యోదో అయితది. దాన్ని తెచ్చి మొదటిది అంటె దేవునికే అబద్ధం చెప్పినట్టు. నిజంగ నా మొదలు నేను ఎన్నడో ఇప్పిపారేసిన. గిదన్న మిగిలింది. గా కొస ముందుకే ఎయ్యుండ్రి."

అయ్యగారు గుడ్డను తిప్పి, ముడులున్న కొసను జనం వైపు వేలాడేలా పరిచాడు. ఆ రోజు ఆయన రాసుకొచ్చిన ప్రసంగం చెప్పలేదు. "ఈ వేళ వాక్యం ఆమే చెప్పింది" అని నేరుగా రొట్టె తీశాడు. బల్ల ముందుకు వచ్చి మోకరించిన ప్రతి ఒక్కరి కళ్ళకూ ఎదురుగా ఆ ముడులే ఉన్నాయి. కొందరు లేచేముందు వేలితో ముట్టుకున్నారు. ఇంట్లో తమ పిల్లలు తప్పు చేస్తే నేర్చుకుంటున్నారని ముద్దుపెట్టుకుని, పనిమనిషి చేయి జారితే ఆ పుట్టుకే అంత అని అనేవాళ్ళు ఆ వరుసలోనూ ఉన్నారు. వాళ్ళూ ముట్టుకున్నారు.

ఆరాధన అయ్యాక గుమ్మం బయట సిద్దిరాములు నిలబడి ఉన్నాడు. తను ఎన్నడూ చర్చి గడప తొక్కనివాడు, ఆ రోజు ఆఖరి వరుసలో కూర్చుని అంతా చూశాడు. "సోమారం జల్దీ రా బిడ్డా. నీ మగ్గం మీద తెల్ల పడుగు ఎక్కించిపెట్టిన" అన్నాడు. ఎలీషమ్మ రెండు చేతులూ జోడించింది.

జనం కదులుతుండగా రోజారాణి వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. షెడ్డులో ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని చిందీలు ఏరిన మనిషి.

"వదినా, నాకు గూడ మస్తు ఆశైతాంది. గని నా చేతులు మొరటు. తెల్లనూలంత చెడగొడ్త."

ఎలీషమ్మ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"చెడగొడ్తవు, నేను పక్కనుంటా, నువ్వు చెడగొట్టు. నేర్చుకునెటోళ్ళు చెడగొట్టకుంట ఎట్ల నేర్చుకుంటరు? చెడగొట్టినోళ్ళది తప్పు గాదు రోజా, చెడగొట్టనియ్యనోళ్ళదే తప్పు."